కార్డు లెక్కలో మన మెఱుఁగని చందాలు

చందా యను మాట మన దేశమున నందఱును వినినదే. సంఘమునకు చందా, గ్రంథాలయమునకు చందా, పత్రికకు చందా యని పెద్దలు వాడుచు వచ్చిరి. 1908లో బొంబాయియందు వారపత్రికగా వెలసి, 1914లో మదరాసున దినపత్రికయైన ఆంధ్రపత్రికకును, 1924లో పుట్టిన భారతికిని తెలుఁగు జిల్లాలలో నెందఱో చందాదారు లుండిరి. ఆ కాలమున చందా కట్టువాఁడు తపాలా కార్యాలయమునకుఁ బోయి, మనియార్డరు వ్రాసి, రూపాయలు లెక్కించి యిచ్చి, రసీదు పుచ్చుకొని వచ్చెడివాఁడు. లేదా తపాలా జవాను వి.పి.పి. కట్టను గుమ్మమునకుఁ దెచ్చినపుడు పైకము చెల్లించి దానిని విడిపించుకొనెడివాఁడు. సంవత్సరము ముగిసినపుడు పత్రికవారు జ్ఞాపకము చేసెడివారు. చందాదారుఁడు మిన్నకున్నచో కొలఁది దినములకు పత్రిక వచ్చుట మానును. అనఁగా ఊరకుండుటయే చందాకు ముగింపు.

నేఁడు చేతిలోని ఫోనుద్వారా కట్టు చందాలు దీనికి సరిగా విపరీతములు. సినిమాలు చూపు సంస్థలకును, పాటలు వినిపించు యాప్‌లకును, పాఠములు చెప్పువానికిని, ఆటలకును, ఫొటోలు దాఁచు స్థలమునకును ఒకసారి కార్డు సంఖ్య యిచ్చి సమ్మతించినచో చాలును. వలదని మనము చెప్పువఱకు నెలనెలయు గాని, యేఁటేఁట గాని, సొమ్ము తనంత తానే పోవుచుండును. ఇచట ఊరకుండుట ముగింపు కాదు; కొనసాగింపు. మౌనము అర్ధాంగీకారమని మన పెద్దలనిరి. ఈ క్రొత్త చందాలలో మౌనము పూర్ణాంగీకారమే యైనది. కార్డు లెక్కలో మన మెఱుఁగని పద్దులు కనఁబడుటకు మూలకారణ మీ మార్పే. దీనిని గ్రహించినచో తక్కిన విషయములన్నియు సులభముగా బోధపడును.

ఈ విషయమును పాఠశాలా పత్రికలో వ్రాయుటకుఁ గారణము కలదు. మన మైదానములలోని కుటుంబములకు ఆదాయము ఋతువు ననుసరించి వచ్చును. ప్రత్తి తీఁతలు కార్తిక మార్గశిరములయందును, మిరపకోఁతలు సంక్రాంతి మొదలు వేసవివఱకును జరుగును. తక్కిన మాసములలో దుక్కి, విత్తనము, ఎరువు, పురుగుమందు అన్నియు వ్యయములే. చందా మాత్రము పన్నెండు మాసములును పోవుచునే యుండును. నెలకు 199 రూపాయల చందా సంవత్సరమునకు 2,388 రూపాయలగును. అట్టివి మూఁడున్నచో 7,164 రూపాయలు. ఆ మొత్తము ఒక మిరపకోఁత కూలికి ఎన్ని దినముల కష్టఫలమో మా విద్యార్థులు తమ యిండ్లలో నడిగి లెక్కకట్టవచ్చును.

గుంటూరు మిరపయార్డులో సరకమ్మిన రైతు తక్‌పట్టీని చేతఁ బట్టుకొని బస్తాల సంఖ్యయు, తూకమును, ధరయు, హమాలీయు పంక్తివెంబడి పంక్తి చూచును. తెలియని తగ్గింపు ఒకటి కనఁబడినచో అక్కడనే నిలిచి యడుగును. ఆ రైతే బ్యాంకువారు పంపిన కార్డు లెక్కను తెఱచియైనను చూడఁడు. అది ఆంగ్లమున నుండుటయు, అందలి పేరులు వింతగా నుండుటయు నిందుకుఁ గారణములు. కాని పట్టీయైనను, కార్డు లెక్కయైనను, ఒక్కటే జాతికిఁ జెందినవి. రెండును మన సొమ్ము ఎవరికిఁ బోయినదో చెప్పు పద్దులే.

సొమ్ము పోవు విధము

తొలిసారి చందా కట్టునపుడు మనము కార్డు సంఖ్య వ్రాసి, ఫోనుకు వచ్చిన ఓటీపీని చేర్తుము. ఆ సమయమున తెరమీఁద చిన్న యక్షరములతో నొక షరతుండును: ఇకమీఁద గడువు వచ్చినపుడెల్ల ఈ కార్డునుండి సొమ్ము తీసికొనుటకు అనుమతించుచున్నాను అని దాని తాత్పర్యము. దీనినే ఈ-మాండేట్ అందురు. ఒకసారి యిచ్చిన ఓటీపీ అన్ని నెలలకును సంతకమువలెఁ బనిచేయును. యూపీఐ ద్వారా చెల్లించువారికి నిట్టి యేర్పాటే 2020 జూలైలో ఆటోపే యను పేరున వచ్చినది.

ఈ పద్ధతి విచ్చలవిడిగా సాగకుండ భారత రిజర్వు బ్యాంకు 2019 ఆగస్టు 21వ తేదీన కొన్ని నియమములు విధించెను. 2021 అక్టోబరు 1వ తేదీనుండి అవి ఖండితముగా నమలులోనికి వచ్చినవి. వానిలో నాలుగు నియమములు ప్రతి గృహస్థుఁడును జ్ఞాపకముంచుకొనఁదగినవి. మొదటిది, చందా నమోదు చేయునపుడు ఓటీపీ వంటి రెండవ సాక్ష్యము తప్పక యుండవలయును. రెండవది, సొమ్ము తీసికొనుటకు కనీసము 24 గంటల ముందు బ్యాంకు ఖాతాదారునకు సందేశము పంపవలయును. అందులో వర్తకుని పేరును, మొత్తమును, తేదీయు నుండవలయును. మూఁడవది, ఆ చందాను ఏ సమయముననైనను రద్దుచేసికొనుటకు మార్గము చూపవలయును. నాలుగవది, ఈ యేర్పాటుకై ఖాతాదారునియొద్ద ప్రత్యేక రుసుము తీసికొనరాదు. ఓటీపీ లేకయే పోఁగల మొత్తము తొలుత ప్రతిసారికి 2,000 రూపాయలుగా నిర్ణయింపఁబడి, 2021లో 5,000కును, 2022 జూన్‌లో 15,000కును పెంచఁబడెను.

ఇందువలనఁ దేలిన దేమి? మన మెఱుఁగని పద్దులలోఁ బెక్కింటికి ముందుగా నోటీసు వచ్చియే యుండును. అది పంటబీమా సందేశములకును, రీఛార్జి ప్రకటనలకును, లాటరీ యాసలకును నడుమఁ బడి, చదువఁబడక పోయినది. బ్యాంకు చెప్పినది, మనము వినలేదు. ఊరకుంటిమి గనుక సొమ్ము పోయినది.

పేరు ఏల తెలియకుండును?

మనము యాప్‌ను ఒక పేరుతో నెఱుఁగుదుము. లెక్కలో మఱియొక పేరుండును. దీనికిఁ గారణములు పెక్కు. యాప్‌నకు వాడుకపేరు వేఱు, దానిని నడపు కంపెనీ రిజిస్టరైన పేరు వేఱు. పద్దు కంపెనీ పేరున పడును. కొన్ని వేళల చందా నేరుగా యాప్‌వారికి గాక ఫోను దుకాణముద్వారా పోవును; అప్పుడు పద్దు గూగుల్ అనియో, ఆపిల్ డాట్ కామ్ బిల్ అనియో మొదలగును. మఱికొన్ని వేళల సొమ్మును వర్తకునికిఁ జేర్చు మధ్యవర్తి సంస్థ పేరే కనఁబడును. పేరుకుఁ గల స్థలము చిన్నది గనుక చివరి యక్షరములు తెగిపోయి, శేషించిన ముక్క ఏ భాషయో తెలియకుండును. ప్రక్కన విదేశనగరము పేరొకటి చేరినచో, మనమెన్నఁడును చూడని యూరిలో నెవఁడో మన సొమ్ము కాజేసెనని భయము పుట్టును. నిజమునకు ఆ కంపెనీ కార్యాలయ మచట నున్నదని మాత్రమే దాని యర్థము.

మొత్తము సైతము మనలను తికమక పెట్టును. డాలర్లలో కట్టు చందా మారకపు ధరనుబట్టి నెలకొక తీరుగా నుండును. దానిపై బ్యాంకు రుసుమును, పన్నును చేరును. సంవత్సరమున కొకసారి పోవు చందా పండ్రెండు మాసములు మఱపులో నుండి యొక్కసారి పెద్ద మొత్తముగాఁ బైకి వచ్చును. కార్డు సరియైనదో కాదో పరీక్షించుటకై రూపాయో రెండురూపాయలో తీసి మరల వేయుటయుఁ గలదు. వీనిని బట్టి చూడఁగా, తెలియని పేరు ప్రతియు దొంగపేరు కాదు. అట్లని ప్రతిదియు నిర్దోషమును కాదు. ఏది యేదియో తేల్చుకొనుటయే మన పని.

ఒక కుటుంబమున జరిగినది

ప్రత్తిపాడు ప్రాంతమునందలి యొక మిరపరైతు కుటుంబమున జరిగిన విషయ మొకటి మా దృష్టికి వచ్చినది. వారి కుమారుఁడు పదవ తరగతి చదువుచుండెను. ఇంటర్మీడియెటు చదువు మేనల్లుఁడును వారి యింటనే యుండెను. ఒకనాఁడు ఆ రైతు పంటఋణము పనిమీఁద బ్యాంకునకుఁ బోయి పాసుపుస్తకము ముద్రింపించుకొనఁగా, నెలకు 399 రూపాయల చొప్పున ఏడు పద్దులు, ఎవ్వరును వినని యొక యాంగ్లనామమున, కానవచ్చెను. మొత్తము 2,793 రూపాయలు. ఫోనుతో నెక్కువ తిరుగువాఁడు మేనల్లుఁడే గనుక, ఆటలకై వాఁడే తీసెనని రైతు నిశ్చయించెను. బాలుఁడు కాదనెను. మేనమామ నమ్మలేదు. రెండు దినములు ఆ యింట అన్నము మెతుకు రుచింపలేదు. బాలుఁడు పుస్తకములు సర్దుకొని తన యూరికిఁ బోవ సిద్ధపడెను.

సంగతి విన్న మా యుపాధ్యాయులలో నొకరు వారి నడిగిన ప్రశ్న యొక్కటే: "ఈ పేరు లెక్కలో మొట్టమొదట ఏ దినమునఁ బడినది?" వెనుకకు వెదకఁగా 399 కన్న ముందు అదే పేరున ఒక్క రూపాయి పద్దు కనఁబడెను. ఆ తేదీనాఁటి సందేశములలో ఓటీపీ యుండెను. అది రైతు ఫోనునకే వచ్చినది. అప్పుడు జ్ఞాపకము వచ్చెను: త్రైమాసిక పరీక్షలకు ముందు కుమారుఁడు గణితపాఠముల యాప్ కావలెనని యడుగఁగా, ఒక్క రూపాయికి వారము దినములు చూడవచ్చునని యున్నందున, తండ్రియే స్వయముగా ఓటీపీ చెప్పెను. వారము గడచెను, ఎవ్వరును మానుమని చెప్పలేదు, చందా సాగెను. ఏడు నెలలును ముందుగా వచ్చిన ఏడు సందేశములు ఫోనులోనే చదువఁబడక యుండెను.

ఆ తండ్రి మేనల్లునిఁ బిలిచి, యింటివారందఱియెదుట, "నిన్ను నిష్కారణముగా నంటిని, నాయనా" యని చేయి పట్టుకొనెను. చందా నాఁడే రద్దైనది. కంపెనీవారికి వ్రాయఁగా కడపటి నెల 399 రూపాయలు తిరిగి వచ్చినవి. తక్కిన 2,394 రూపాయలు రాలేదు. దానిని దొంగతనమని చెప్పుటకును వీలులేదు, ఏలయన సమ్మతి యిచ్చినది వారే. ధననష్టమున కోర్చుకొనవచ్చును. కాని రెండు దినములు ఒక నిరపరాధి దొంగగా నిలువఁబడుట యెంత గొప్ప నష్టము! కావున ఎఱుఁగని పద్దు కనఁబడినపుడు మొదట వెదకవలసినది పద్దుయొక్క పుట్టుక. నిందింపఁదగిన మనిషిని గాదు.

క్రమముగాఁ జేయవలసిన పనులు

మొదట, పద్దును ఉన్నదున్నట్లు ఒక కాగితముపై వ్రాసికొనవలయును: తేదీ, మొత్తము, పేరు. పేరులోని యక్షరములలో నొక్కటియు మార్పరాదు.

రెండవది, గడచిన పండ్రెండు మాసముల లెక్క తీసి, అదే పేరు గాని, అదే మొత్తము గాని, అదే తేదీకి గాని మరల మరల పడినదేమో చూడవలయును. ఒకే తీరున పడినచో అది చందాయని యించుమించుగాఁ జెప్పవచ్చును. మొదటి పద్దు తేదీని పట్టుకొని ఆనాఁటి సందేశములను, ఈ-మెయిలును వెదకవలయును.

మూఁడవది, ఇంటిలోని వారినందఱిని అడుగవలయును. "ఎవరు తీసితిరి?" అని గాక, "ఆ దినముల మనము ఏమైన క్రొత్తది పెట్టుకొంటిమా?" అని యడిగినచో పిల్లలు భయపడక నిజము చెప్పుదురు. హైదరాబాదునందో, అమెరికాయందో యున్న కుమారుఁడు తండ్రి కార్డును ఏదైన యాప్‌నకుఁ జేర్చియుండవచ్చును. వానినిఁ గూడ నడుగవలయును.

నాలుగవది, ఫోనులోనే చందాల పట్టిక యుండును, దానిని చూడవలయును. ఆండ్రాయిడ్ ఫోనులో ప్లే స్టోరు తెఱచి, పైనున్న తన బొమ్మను నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్ అనుచోటికిఁ బోయినచో సాగుచున్న చందాలు కనఁబడును. ఐఫోనులో సెట్టింగ్స్ తెఱచి తన పేరును నొక్కినచో సబ్‌స్క్రిప్షన్స్ అను మాట కనఁబడును. యూపీఐ యాప్‌లలో ఆటోపే యను విభాగము వేఱుగా నుండును. కార్డుపై నున్న ఈ-మాండేట్‌లను బ్యాంకువారి యాప్‌లో గాని, వెబ్‌సైటులో గాని చూడవచ్చును. ఫోనులో నొకటికి మించి ఖాతాలున్నచో ప్రతి ఖాతాను వేఱువేఱుగా చూడవలయును.

ఐదవది, వలదనుకొన్న చందాను అక్కడనే రద్దుచేసి, రద్దైనదని చూపు తెరను ఫొటో తీసి దాఁచుకొనవలయును. ఇచట ననేకులు పొరపడుదురు. యాప్‌ను ఫోనునుండి తీసివేసినంతమాత్రమున చందా ఆఁగదు. అద్దె యింటికి తాళము వేసి పోయినంతమాత్రమున అద్దె ఆఁగునా? ఖాళీచేసితినని యజమానికిఁ జెప్పవలయును గదా. ఇదియు నట్లే. కార్డును మార్చినంతమాత్రమునఁ గూడ కంపెనీతోడి యొడంబడిక తీరిపోయినదని తలఁపరాదు. రద్దుచేసిన పిదప, వాడని నెలకు తీసిన సొమ్మును తిరిగి యిమ్మని మర్యాదగా వ్రాయవచ్చును. అడిగినవారి కందఱికిని దొరకదు. కాని అడుగనివారికి ఎన్నఁడును దొరకదు.

అది చందా కాక దొంగతనమైనచో

పై పనులన్నియుఁ జేసినను పద్దుయొక్క పుట్టుక తెలియనిచో, లేక ఒకే దినమున వింతపేరులతో ననేక పద్దులు పడినచో, కార్డు వివరములు అన్యుల చేతఁ జిక్కినవని యెంచవలయును. అప్పుడు ఆలస్యము కూడదు. తక్షణమే బ్యాంకు యాప్‌లోనో, కార్డు వెనుక ముద్రింపఁబడిన సంఖ్యకు ఫోను చేసియో కార్డును నిలిపివేయించి, ఫిర్యాదు సంఖ్యను వ్రాసికొనవలయును. సైబరు నేరములకై దేశమంతట నేర్పడిన 1930 సంఖ్యకును తెలుపవలయును.

త్వరపడుమనుటకు ఒక ధృఢమైన కారణము కలదు. 2017 జూలై 6వ తేదీన రిజర్వు బ్యాంకు ఇచ్చిన యుత్తరువులో, ఖాతాదారుని దోషమును, బ్యాంకు దోషమును గాక మఱియెక్కడనో జరిగిన లోపమువలన సొమ్ము పోయినపుడు, బ్యాంకు సందేశ మందిన మూఁడు పనిదినములలోపల తెలిపినవానికి నష్టభార మేమియు లేదని నిర్ణయింపఁబడెను. నాలుగు మొదలు ఏడు దినములలోపల తెలిపినచో సాధారణ పొదుపు ఖాతాదారుఁడు భరింపవలసినది 10,000 రూపాయలకు మించరాదనియు, అంతకు మించి యాలసించినచో ఆయా బ్యాంకుల కట్టడులనుబట్టి నిర్ణయమగుననియుఁ జెప్పఁబడెను. ఫిర్యాదు చేసిన పది పనిదినములలో ఆ మొత్తమును తాత్కాలికముగా ఖాతాకు జమచేయవలెననియు, తొంబది దినములలో సంగతి తేల్చవలెననియు నందే కలదు. అయితే ఖాతాదారుఁడే ఓటీపీని, పిన్నును పరులకుఁ జెప్పియున్నచో, బ్యాంకునకుఁ దెలుపువఱకు జరిగిన నష్టము అతనిదే.

చందాకును, దొంగతనమునకును గల భేద మిచట స్పష్టమగును. మనము సమ్మతించి మఱచినదానికి ఈ రక్షణ లేదు. దానికి రద్దే మందు. మనము సమ్మతింపనిదానికి రద్దు మందు కాదు, ఫిర్యాదే మందు. తెలిసియుండియు తన చందాను దొంగతనమని బ్యాంకునకు వ్రాయుట అబద్ధసాక్ష్యము. ఆ తప్పు మన పాఠశాలలోఁ జదివినవా రెవ్వరును చేయరాదు.

బ్యాంకు ముప్పది దినములలో బదులు చెప్పనిచో, లేక చెప్పిన బదులు న్యాయముగా లేనిచో, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకయే విన్నవించుకొనవచ్చును. 2021 నవంబరు 12వ తేదీన దేశమంతటికి నొకటే యేర్పాటుగా ఇది స్థాపింపఁబడెను. వివరములకు 14448 సంఖ్యకు ఫోను చేయవచ్చును. వర్తకుఁడు రద్దు చేయక వేధించుచున్నచో 1915 అను జాతీయ వినియోగదారుల సంఖ్య కలదు.

సాయమను పేరిట మోసము

399 రూపాయలు పోయెనను తొందరలో ఖాతాలోని సర్వస్వమును పోఁగొట్టుకొన్నవారును గలరు. అది యిట్లు జరుగును. పద్దును చూచి కంగారుపడినవాఁడు కంపెనీ ఫోను సంఖ్యకై ఇంటర్నెట్టులో వెదకును. అచట మోసగాండ్రు తమ సంఖ్యలనే కంపెనీ సంఖ్యలుగాఁ బెట్టియుందురు. ఫోను చేయఁగానే అవతలివాఁడు "అయ్యా, మీ సొమ్ము ఇప్పుడే తిరిగి వేయుచున్నాము" అని తేనెవలె మాటలాడి, ఓటీపీ చెప్పుమనును. లేక మన తెర వానికిఁ గనఁబడు యాప్ నొకదానిని పెట్టుకొమ్మనును. లేక యూపీఐ పిన్ను కొట్టుమనును. ఒక సూత్రమును పిల్లలు కంఠస్థము చేయవలయును: సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను అక్కఱలేదు, సొమ్ము పంపుటకే పిన్ను కావలయును. పిన్నడిగినవాఁడు ఇచ్చువాఁడు కాఁడు, తీసికొనువాఁడు.

కావున ఫోను సంఖ్యను కార్డు వెనుకనుండి గాని, పాసుపుస్తకమునుండి గాని తీసికొనవలయును. లేదా స్వయముగా శాఖకుఁ బోవలయును.

వర్తకుల యుచ్చులు

దోషమంతయు చందాదారుని మఱపుదే యనుట న్యాయము కాదు. చేరుటకు ఒక్క నొక్కు చాలును. మానుటకు మాత్రము పది తలుపులు దాఁటవలయును. ఇట్టి కపటోపాయములను అరికట్టుటకై మన దేశమున కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారము 2023 నవంబరు 30వ తేదీన మార్గదర్శకములు ప్రకటించి, పదమూఁడు విధములైన మాయోపాయములను నిషేధించెను. చందాను మానుకొనుటను అసాధ్యముగానో చిక్కుగానో చేయుట వానిలో నొకటి. దానికి చందా ఉచ్చు అని పేరు పెట్టవచ్చును. కొనువానికిఁ జెప్పకయే బుట్టలో మఱియొక వస్తువు చేర్చుటయు, వలదన్నవానిని సిగ్గుపడునట్లు చేయుటయు నందే చేరినవి.

ఇది మన దేశమునకే పరిమితమైనది కాదు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 జూన్‌లో అమెజాన్ సంస్థపై వ్యాజ్యము వేసి, ప్రైమ్ చందాలో జనులను సరియైన సమ్మతి లేక చేర్చెననియు, మానుకొనుటను దుర్ఘటము చేసెననియు నారోపించెను. మానుకొను మార్గమునకు ఆ సంస్థలోపల ఇలియడ్ అని పేరుండెనని ఆ వ్యాజ్యపత్రమునఁ గలదు. ఇలియడ్ గ్రీకుకవి హోమరు పేరిట నున్న యిరువదినాలుగు సర్గల యుద్ధకావ్యమని మా పై తరగతులవా రెఱుఁగుదురు. చందా మానుట యెంత దీర్ఘప్రయాణమో ఆ పేరే చాటుచున్నది. 2025 సెప్టెంబరులో ఆ సంస్థ తప్పు నొప్పుకొనకయే 250 కోట్ల డాలర్లకు రాజీపడెను. అందు 100 కోట్లు అపరాధరుసుము, 150 కోట్లు చందాదారులకుఁ దిరిగి యిచ్చుటకు. అంత చదువును, సంపదయు గల దేశమున సైతము జనులు ఈ యుచ్చులోఁ బడినపుడు, మన పల్లెరైతు తన యజ్ఞానమునకు సిగ్గుపడ నవసరము లేదు. సిగ్గుచేత సంగతిని దాఁచుటవలననే నష్టము పెరుగును.

గృహములకు మనవి

పది నాణెములలో నొకటి పోయినపుడు దీపము వెలిగించి, యిల్లూడ్చి, దొరకువఱకు వెదకిన స్త్రీని గూర్చి ప్రభువు చెప్పిన యుపమానమును మన బాలబాలిక లెఱుఁగుదురు. ఆమె యెవ్వరిని నిందింపలేదు, దీపము వెలిగించెను. తెలియని పద్దు కనఁబడిన యింటికి ఆ క్రమమే తగినది. గోపురము కట్టఁదలఁచినవాఁడు ముందుగా కూర్చుండి వ్యయము లెక్కింపవలెనను ఉపదేశము ఒక్క రూపాయి చందాకును వర్తించును. ఓటీపీ చెప్పుటకు ముందే "ఈ రూపాయి తరువాత నెంత? ఎప్పుడు? మానుట యెట్లు?" అను మూఁడు ప్రశ్నలకు బదులు తెలిసికొనవలయును.

ప్రతి యింటను ఒక చిన్న పుస్తకము పెట్టుకొనుఁడని తల్లిదండ్రులను వేఁడుచున్నాము. అందు ఆరు గళ్లు చాలును: చందా పేరు, లెక్కలో కనఁబడు పేరు, మొత్తము, పోవు తేదీ, ఎవరికై పెట్టినది, ఎప్పుడు మానవలసినది. ఉచితముగా చూడవచ్చునన్న దినములు ముగియుటకు రెండు దినములు ముందే జ్ఞాపకచిహ్నము వ్రాసికొనవలయును. నెల కొకసారి, జీతము వచ్చు నిండ్లలో మొదటి వారమునను, రైతుల యిండ్లలో తీఱికయైన సాయంకాలమునను, పెద్దలును పిల్లలును కలిసి కూర్చుండి ఆ నెల లెక్క చదువవలయును. ఆంగ్లము చదువనేర్చిన పిల్లలు పేరులు చదివి చెప్పవలయును. పెద్దలు ఏది కావలయునో, ఏది వలదో నిర్ణయింపవలయును. తాత ఫోనునకు వచ్చిన బ్యాంకు సందేశమును తెలుఁగునఁ జెప్పుట ప్రతి విద్యార్థి చేయఁదగిన గృహసేవ.

చదువు మన కిచ్చిన దేమి యని పల్లెలలో పెద్దలు కొందఱు వేళాకోళముగా నడుగుదురు. పిల్లవాఁడు ఒక సందేశమును సకాలమునఁ జదివి, అక్కఱలేని చందా నొకదానిని మాన్పించి, నిర్దోషియగు నొకని మీఁదఁ బడఁబోవు నిందను తప్పించినచో, ఆ ప్రశ్నకు అదియే చాలినంత బదులు.